పంతులుగారి ఆడుమళయాళం

తెలుగువారి జానపద కథలలో ఆడుమళయాళం అనే దేశం ఒకటి ఉంది. అది ఏ పటంలోనూ కనిపించదు. మగవాడు అక్కడికి పోతే తిరిగి రాడనీ, అక్కడి స్త్రీలు మంత్రం వేసి మనిషిని మేకగానో కుక్కగానో మార్చివేస్తారనీ ముసలమ్మలు చెప్పేవారు. పురాణగాథలలోనూ ప్రమీల ఏలిన స్త్రీరాజ్యం కలదు. ధర్మరాజు యాగాశ్వం అందులో చిక్కుకొనడం, దాని వెంట వచ్చిన అర్జునుణ్ణి ప్రమీల పెండ్లాడడం ఆ కథ. రెండు కథలలోని అంతరార్థం ఒక్కటే. స్త్రీ ఏలుబడి ఒక వింత. దానిని చూచి మగవాడు భయపడాలి, లేదా జయించాలి.

పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకంలో రాజమహేంద్రవరానికి చెందిన ఒక పండితుడు ఈ దేశపు పేరునే తీసికొని కథను తలక్రిందులు చేశారు. ఆయన ఆడుమళయాళంలో మంత్రాలు లేవు, మేకలు లేవు. ఉన్నదల్లా తెలుగుదేశమే. కాని అక్కడ కచేరీలకు వెళ్ళేది స్త్రీలు, ఇంటి గడప దాటరానిది పురుషులు. చదువు స్త్రీలది, అజ్ఞానం పురుషులది. భార్యను దైవంగా కొలవడమే పురుషునికి పరమధర్మమని చెప్పే శాస్త్రాలు కూడ అక్కడ సిద్ధంగా ఉన్నాయి. ఆ గ్రంథం సత్యరాజా పూర్వదేశయాత్రలు. ఆ గ్రంథకర్త కందుకూరి వీరేశలింగం పంతులుగారు.

పంతులుగారిని సంఘసంస్కర్తగా ఎరుగని తెలుగువారు లేరు. వితంతు వివాహాలు చేయించిన వీరుడు, గద్య తిక్కన, మొదటి నవల వ్రాసిన వారు అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. గంభీరమైన ముఖం, తలపాగా, పొడుగు కోటుతో ఉన్న విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. ఆ విగ్రహాలను చూచిన వారికి ఆ మనిషి జీవితంలో సగభాగం పరిహాసంతోనే గడిచిందని తోచదు. ఆయన చేతిలోని ఆయుధాలలో అన్నిటికంటె పదునైనది హాస్యమే. శత్రువులను ఎక్కువగా సంపాదించి పెట్టినదీ అదే.

వీరేశలింగంగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. తండ్రి సుబ్బరాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. నాలుగేళ్ళు నిండీ నిండని వయస్సులోనే తండ్రి పోయారు. పెదతండ్రి వెంకటరత్నంగారు ఇంటి భారం వహించి కుఱ్ఱవానికి చదువు చెప్పించారు. శరీరం మొదటినుంచీ దుర్బలం. దగ్గు జీవితాంతం వదలలేదు. 1861లో, పదమూడవ ఏట, ఆయనకు వివాహం జరిగింది. వధువు పుట్టింటి పేరు బాపమ్మ. అత్తవారింట ఆమె రాజ్యలక్ష్మి అయినది. బాల్యవివాహాలను జీవితమంతా ఎదిరించిన మనిషి తానే బాల్యవివాహపు వరుడు. ఆనాటి మధ్యతరగతి బ్రాహ్మణ గృహాలలో ఇది తప్ప వేరొక మార్గం ఉండేది కాదు.

యౌవనంలో ఆయన వ్రాసిన కావ్యాలు చూస్తే ఈ మనిషి హాస్యరచయిత కాగలడని ఎవరూ ఊహించరు. పెదవులు తగలని అక్షరాలతో, వచనం లేకుండా, అచ్చతెలుగులో నలచరిత్రను వ్రాసిన పాండిత్యం ఆయనది. శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధం అన్న పేరే ఆ విద్వత్తుకు సాక్ష్యం. ఇటువంటి సర్కసు విద్యలో ఆరితేరిన పిదప ఆయనకు ఒక సందేహం కలిగి ఉండాలి. పండితులు పదిమంది మెచ్చుకొనే ఈ రచనను ఇంట్లో ఆడవారు చదువగలరా? ఊళ్ళో కోమటి చదువగలడా? ఆ తరువాత ఆయన నడచిన దారి చూస్తే ఈ ప్రశ్నకు ఆయన చెప్పుకొన్న జవాబు తెలుస్తుంది.

1872లో కోరంగిలో ఉపాధ్యాయ పదవి లభించింది. రెండేళ్ళ తరువాత ధవళేశ్వరం పాఠశాలకు ప్రధానోపాధ్యాయులై వచ్చారు. ఆనకట్ట ప్రక్కనున్న ఆ చిన్న ఊరిలో 1874లో రెండు పనులు జరిగాయి. సెప్టెంబరులో ఒక బాలికా పాఠశాల వెలసింది. అక్టోబరులో వివేకవర్ధని పత్రిక వెలువడింది. ఈ రెండూ ఒకదానికొకటి తోడు. బాలికలకు చదువెందుకని అడిగేవారికి జవాబు చెప్పడానికి పత్రిక కావాలి. పత్రికలో చెప్పిన మాట నిజమని చూపడానికి పాఠశాల కావాలి. పత్రిక మొదట మదరాసులో అచ్చయ్యేది. తరువాత పంతులుగారు మిత్రులతో కలిసి రాజమహేంద్రవరంలోనే ముద్రణాలయం పెట్టుకొన్నారు.

ఆ రోజులలో మదరాసునుంచి కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు ఆంధ్రభాషాసంజీవని అనే పత్రిక నడిపేవారు. గొప్ప పండితులు, తరువాతి కాలంలో మహామహోపాధ్యాయ బిరుదు పొందినవారు. స్త్రీవిద్యకు ఆయన ప్రతికూలురు. రెండు పత్రికల మధ్య వాదం రేగింది. మొదట శాస్త్రప్రమాణాలతో సాగిన వాదం త్వరలోనే ఎగతాళిలోకి దిగింది. వెంకటరత్నంగారు వివేకవర్ధనిని వెక్కిరిస్తూ హాస్యవర్ధని అని ఒక అనుబంధం ప్రారంభించారు. వీరేశలింగంగారు ఊరుకొనలేదు. ప్రతిపక్షి పత్రిక పేరులోని చివరి సగం తీసికొని 1876లో హాస్యసంజీవని అని తన అనుబంధాన్ని వెలువరించారు. తెలుగులో హాస్యానికే ప్రత్యేకించిన పత్రికలు ఇట్లా ఒకరి మీద ఒకరు విసురుకొన్న రాళ్ళుగా పుట్టాయి. గమనించవలసినది ఏమంటే, ఆ రాళ్ళు రువ్వుకొన్నది ఆడపిల్లకు అక్షరాలు నేర్పవచ్చునా కూడదా అనే ప్రశ్న మీద.

హాస్యసంజీవనిలోనే బ్రాహ్మవివాహమనే ప్రహసనం అచ్చయింది. పెద్దయ్యగారి పెళ్ళి అన్న పేరుతో అది జనంలో వ్యాపించింది. తెలుగులో మొదటి ప్రహసనంగా సాహిత్య చరిత్రకారులు దీనినే పేర్కొంటారు. కాటికి కాళ్ళు చాచిన ముసలివాడు చిన్నపిల్లను పెండ్లాడబోవడం, డబ్బు చూచి ఆ పిల్లను అమ్ముకొనడానికి కన్నవారు సిద్ధపడడం, మధ్యవర్తులు తమ వాటా తాము చూచుకొనడం ఇందులోని వస్తువు. ఎనిమిది విధాలైన వివాహాలలో బ్రాహ్మం సర్వోత్తమమని స్మృతులు చెబుతాయి. కన్యను అలంకరించి, ధనమేమీ తీసికొనకుండా, యోగ్యుడైన వరునికి దానం చేయడం దాని లక్షణం. పిల్లను వెలకట్టి అమ్ముతూ దానికి బ్రాహ్మమని పేరు పెట్టుకొన్న సంఘానికి ఆ పేరునే తిప్పికొట్టడం ఈ ప్రహసనంలోని మొదటి చమత్కారం.

ఇది కల్పన అని కొట్టివేయడానికి వీలు లేదు. గురజాడ అప్పారావుగారు తమ కన్యాశుల్కం నాటకపు ఆంగ్ల పీఠికలో విజయనగర మహారాజు చేయించిన లెక్కను పేర్కొన్నారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన 1,034 కన్యాశుల్క వివాహాలు అందులో నమోదయ్యాయి. వాటిలో అయిదేళ్ళ పిల్లలు, అంతకంటె చిన్నపిల్లలు కూడ ఉన్నారు. పాలు మరువని పసికందు పెండ్లికూతురు. ఆమె భర్త పళ్ళూడిన వృద్ధుడు. అతడు పోతే ఆమె మిగిలిన జీవితమంతా విధవ. అతడికి మాత్రం భార్య పోతే పదకొండో రోజునుంచే సంబంధాలు వచ్చేవి. ఈ రెండు న్యాయాల మధ్య దూరమే పంతులుగారి హాస్యానికి జన్మస్థానం.

ఆయన ప్రహసనాలు కొద్ది కాదు, డజన్ల కొలది. ఏడుపుగొట్టు సంస్కరణ వ్యాసాలు చదువని వారు కూడ వీటికోసం వివేకవర్ధని తెప్పించుకొనేవారు. ముసలి పెండ్లికొడుకులు, వేశ్యాలోలురు, లంచగొండి ఉద్యోగులు, ప్లీడర్లు, పాండిత్యగర్వులు అందరూ అందులో కనిపిస్తారు. వ్యవహారధర్మబోధినికి ప్లీడరు నాటకమన్న పేరే ప్రసిద్ధం. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరం వచ్చి ఆడి వెళ్ళింది. వారు వేసిన పందిరి ఇంకా తీయకముందే పంతులుగారు తమ విద్యార్థులచేత తెలుగు నాటకాలు ఆడించారు. అప్పటినుంచి ఆయన పరిహాసం కాగితం మీదినుంచి రంగస్థలం మీదికి వచ్చింది. పాత్రలకు ఆయన వారి వారి భాషనే ఇచ్చారు. నవలకు గ్రాంథికం వాడిన రచయిత ప్రహసనంలో పురోహితుని చేత పురోహితుని మాట, ఆడవారిచేత ఆడవారి మాట పలికించారు. 1919లో వ్యావహారిక భాషా ప్రవర్తక సమాజానికి ఆయన అధ్యక్షులైనప్పుడు కొందరు ఆశ్చర్యపోయారు. ప్రహసనాలు చదివినవారు ఆశ్చర్యపోనక్కరలేదు.

హాస్యానికి ఒక సుఖం ఉంది. నవ్వించి ఇంటికి పోవచ్చు. వీరేశలింగంగారు ఇంటికి పోలేదు. 1879లో ఆయన వితంతు వివాహాలు శాస్త్రసమ్మతమని బహిరంగంగా ఉపన్యసించారు. వితంతువు పునర్వివాహం చేసికొనవచ్చునని చట్టం 1856లోనే అయింది. బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగరులు దాని కోసం పోరాడారు. కాని చట్టం పుస్తకంలో ఉండగా తెలుగుదేశంలో ఏ పెళ్ళిపందిరిలోనూ దాని జాడ లేదు. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయం చేశారు. 1881 డిసెంబరు 11న పంతులుగారి ఇంట మొదటి వితంతు వివాహం జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు, వధువు గౌరమ్మగారు. ఊరు ఊరంతా ఎదురు తిరిగింది. విద్యార్థులు ఇంటిచుట్టూ కాపలా కాశారు. పోలీసుల రక్షణ అవసరమయింది. ఆ నెలలోనే రెండవ వివాహమూ జరిగింది.

అంతవరకు పంతులుగారు ఊరిని చూచి నవ్వారు. ఇక ఊరు ఆయనను చూచి నవ్వడం ప్రారంభించింది. నవ్వుతోనే పోలేదు. పీఠాధిపతులనుంచి బహిష్కార పత్రాలు వచ్చాయి. పురోహితులు రారు. బంధువులు గడప త్రొక్కరు. వంటవారు, నీళ్ళవారు పని మానివేశారు. ప్రహసనంలో వెక్కిరింపబడిన ప్రతివాడూ ఆనాడు లెక్క తీర్చుకొన్నాడు.

ఇక్కడ రాజ్యలక్ష్మమ్మగారి ప్రసక్తి రాక తప్పదు. వెలి పత్రిక అందుకొన్నది భర్త. దాని బరువు మోసినది భార్య. నీళ్ళ మనిషి రాకపోతే గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు తెచ్చినది ఆమె. వంటవాడు రాకపోతే పెండ్లివారందరికీ వండి వడ్డించినది ఆమె. భర్తను విడిచి రమ్మని తనవారు ఒత్తిడి చేసినా ఆమె కదలలేదు. సంతానం లేని ఆ దంపతుల ఇల్లు దిక్కులేని వితంతువులకు పుట్టిల్లయింది. పంతులుగారు తమ స్వీయచరిత్రలో ఈ ఋణాన్ని దాచుకొనలేదు. ఆమె లేకపోతే తన సంస్కరణ కాగితం మీదనే మిగిలిపోయేదని ఆయనకు తెలుసు.

ఈ అనుభవాలన్నీ అయిన తరువాతనే సత్యరాజా పూర్వదేశయాత్రలు వెలువడింది. 1891 తరువాతి ఏండ్లలోని రచన అది. జోనాథన్ స్విఫ్ట్ 1726లో ప్రకటించిన గలివర్ యాత్రలు దీనికి మార్గదర్శి. మొదటి భాగం ఆడుమళయాళం. రెండవది మహాకాయులు నివసించే లంకాద్వీపం. స్విఫ్ట్ తన యాత్రికుణ్ణి మరుగుజ్జుల మధ్యకూ, రాక్షసాకారుల మధ్యకూ పంపి ఇంగ్లండు రాజకీయాలను ఎగతాళి చేశాడు. స్త్రీపురుషుల స్థానాలను తారుమారు చేసిన దేశం స్విఫ్టులో లేదు. ఆ ఊహ పంతులుగారిది. తెలుగు జానపద కథ ఆయనకు పేరిచ్చింది. తెలుగు ఇల్లు ఆయనకు వస్తువునిచ్చింది.

ఈ పరిహాసం పనిచేసే తీరు గమనించదగినది. ఆడుమళయాళంలో ఏ ఒక్క ఆచారమూ కొత్తగా కల్పించినది కాదు. ప్రతిదీ పాఠకుని ఇంట్లో ఉన్నదే. ఆ ఆచారం ఎవరి మీద పడుతుందనే ఒక్క మాట మాత్రమే మారింది. పురుషులు చపలచిత్తులు గనుక వారిని ఇంట్లో ఉంచవలెనని అక్కడి స్త్రీలు వాదిస్తే యాత్రికునికి ఒళ్ళు మండుతుంది. అదే వాదాన్ని రాజమహేంద్రవరంలో స్త్రీల విషయమై విన్నప్పుడు అతనికి అది శాస్త్రంగా తోచింది. యాత్రికుడు కోపగించుకొన్న కొద్దీ పాఠకుడు నవ్వుతాడు. నవ్వుతూ నవ్వుతూ, ఆ కోపం తన భార్యకో, కూతురికో రావలసినదని అతనికి స్ఫురిస్తే గ్రంథకర్త పని నెరవేరినట్టే.

స్ఫురించకపోతే? ఈ పద్ధతిలోని అపాయం అదే. ఆడవారు ఏలితే లోకం ఎంత హాస్యాస్పదమవుతుందో చూడండి అని ఈ కథను చంకలు కొట్టుకొంటూ చదివే మగవాడిని ఆపగల శక్తి గ్రంథకర్తకు లేదు. స్త్రీరాజ్యాన్ని వెక్కిరించే పాత కథలన్నీ ఆ నవ్వునే అలవాటు చేశాయి. పంతులుగారు ఆ పాత నవ్వునే ఎరగా వేసి పాఠకుణ్ణి లోపలికి పిలిచారు. లోపలికి వచ్చినవాడు తలుపు మూసిన చప్పుడు విన్నాడా లేదా అన్నది అతని బుద్ధిని బట్టి ఉంటుంది. వ్యంగ్యకర్తలందరికీ ఉన్న చిక్కు ఇది.

ఇదే కాలంలో దేశంలోని ఇతర ప్రాంతాలలోనూ ఇటువంటి పదును కనిపిస్తుంది. మరాఠీలో తారాబాయి శిందే 1882లో స్త్రీపురుషతులన అనే చిన్న పుస్తకం ప్రకటించింది. సూరతులో ఒక వితంతువుకు శిశుహత్య నేరంపై శిక్ష పడగా పత్రికలు స్త్రీజాతినంతటినీ నిందించాయి. స్త్రీలకు అంటగట్టిన ప్రతి దోషాన్నీ ఆమె ఒక్కొక్కటిగా తీసికొని మగవారి ముందు పెట్టింది. ఆమె హాస్యంలో నవ్వు కంటె మంట ఎక్కువ. బెంగాలుకు చెందిన రుకియా సఖావత్ హుసేన్ 1905లో సుల్తానా స్వప్నమనే కథను ఇంగ్లీషులో వ్రాసింది. మగవారు ఘోషాలో ఉండి, స్త్రీలు విజ్ఞానశాస్త్ర బలంతో దేశాన్ని ఏలే కథ అది. అచ్చయినది మదరాసులోని ఇండియన్ లేడీస్ మాగజైనులో. వీరేశలింగంగారి ఆడుమళయాళం అంతకు పదేళ్ళు పైబడి ముందరిది. ఒక భేదం మాత్రం ఉంది. సుల్తానా దేశం రచయిత్రి కోరుకొన్న లోకం. ఆడుమళయాళం ఎవ్వరూ కోరుకొనరాని లోకం. అన్యాయం తిరగబడినా అన్యాయమే అన్నది పంతులుగారి తాత్పర్యం. మొదటి దానిని వ్రాసినది ఘోషా అనుభవించిన స్త్రీ, రెండవ దానిని వ్రాసినది ఘోషా బయటనుంచి చూచిన పురుషుడు. ఆ భేదానికి కారణం బహుశా ఇదే.

పంతులుగారి దృష్టికి హద్దులు లేకపోలేదు. ఆయన సతీహితబోధిని పత్రిక నడిపారు, సత్యవతీ చరిత్రం వ్రాశారు, పత్నీహితసూచని వ్రాశారు. వీటిలో చదువుకొన్న స్త్రీ మంచి ఇల్లాలు, మంచి తల్లి, భర్తకు తగిన తోడు. ఆమె కచేరీకి వెళ్ళి తీర్పు చెప్పడం, పన్నులు వసూలు చేయడం ఆయన ఉపదేశ గ్రంథాలలో లేదు, ఆడుమళయాళంలోనే ఉంది. సంస్కర్తగా ఆయన అడగలేని ప్రశ్నలను హాస్యకర్తగా అడిగారు. ఉపన్యాస వేదిక మీద సంఘం ఎంతవరకు ఓర్చుకొంటుందో చూచుకొని అడుగు వేయాలి. కల్పిత దేశంలో ఆ బెరుకు లేదు. అందుచేత ఆయన భావాలలో ఎంతో ముందుకు పోయినది వ్యాసాలలో కాక వినోదకథలో కనిపించడం వింత కాదు.

ఆయన హాస్యం అందరికీ మంచి చేయలేదన్న మాటా నిజమే. కొన్ని ప్రహసనాలలో ఊళ్ళోని ఫలానా మనిషి అని గుర్తుపట్టగలిగేటంత సూటిదనం ఉండేది. గాయపడినవారు మారలేదు, పగబట్టారు. వేశ్యాసంపర్కం మీద ఆయన చేసిన యుద్ధంలో భోగంవారి స్త్రీల పట్ల దయ కంటె తిరస్కారమే ఎక్కువగా వినిపిస్తుంది. ఆ స్త్రీలను ఆ స్థితికి తెచ్చినదీ మగవారి సుఖమే అని గుర్తించడానికి తెలుగు సాహిత్యం మరి కొంతకాలం ఆగవలసి వచ్చింది.

ఆయన వేసిన బాటలోనే గురజాడవారు నడిచారు, కాని తమ నడకతో నడిచారు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ప్రదర్శితమై 1897లో అచ్చయింది. ముసలి లుబ్ధావధాన్లుకు చిన్నపిల్లను కట్టబెట్టే వ్యవహారం పెద్దయ్యగారి పెళ్ళిని తలపిస్తుంది. అయితే అక్కడ పెండ్లికూతురుగా పీటల మీద కూర్చున్నది చీర కట్టిన మగపిల్లవాడు. ఆడపిల్లను వస్తువుగా కొనబోయినవాడికి మగపిల్లవాడు అంటగట్టబడడంతో బేరమంతా నవ్వులపాలయింది. ఆ నాటకంలోనే గిరీశం వితంతు వివాహ సంస్కరణను తన స్వార్థానికి వాడుకొంటాడు. పంతులుగారు సంఘాన్ని చూచి నవ్వితే, గురజాడవారు సంస్కరణను నోటితో మాత్రమే పలికేవారిని చూచి కూడ నవ్వారు. గురువు నేర్పిన విద్యను ఇంకొక మెట్టు ఎక్కించడమే అది.

మగవాడు మగవారిని వెక్కిరించి స్త్రీల పక్షాన మాట్లాడిన తరువాత స్త్రీ స్వయంగా మాట్లాడవలసిన ఘట్టం వచ్చింది. సూర్యాపేట మీదుగా కోదాడ దాటి తూర్పుకు వెళితే జగ్గయ్యపేట, దాని ఆవల మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు. ఆ ప్రాంతంలో 1874లో, అంటే వివేకవర్ధని పుట్టిన సంవత్సరంలోనే, భండారు అచ్చమాంబగారు జన్మించారు. నల్లగొండ సీమలోని దేవరకొండలో కొంత బాల్యం గడిపారు. బడికి పోయే భాగ్యం ఆమెకు లేదు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు చదువుకొంటూ ఉంటే ప్రక్కన కూర్చుండి తెలుగు, హిందీ, మరాఠీ నేర్చుకొన్నారు. ఆమె రచించిన అబలా సచ్చరిత్ర రత్నమాల మొదటి భాగాన్ని 1901లో ప్రకటించినవారు వీరేశలింగంగారే. స్త్రీలు బలహీనులు, బుద్ధిహీనులు, వివేకశూన్యులు అనే నిందను అబద్ధమని చరిత్ర సాక్ష్యంతో చూపడం ఆ గ్రంథ లక్ష్యాలలో ఒకటి. పంతులుగారు కల్పిత దేశంలో చెప్పిన మాటను అచ్చమాంబగారు నిజంగా జీవించిన స్త్రీల కథలతో చెప్పారు. అచ్చమాంబగారి హస్తంలో పరిహాసం లేదు. లెక్క ఉంది, ప్రమాణం ఉంది. 1905లో, ముప్ఫై ఏళ్ళకే, ఆమె కన్నుమూశారు.

పంతులుగారి ఉత్తర జీవితం నిర్మాణ కార్యక్రమాలలో గడిచింది. రాజమహేంద్రవరంలో పురమందిరం కట్టించారు. వితంతువులకు శరణాలయం ఏర్పరచారు. ఉద్యోగరీత్యా కొంతకాలం మదరాసులో ఉన్నారు. 1893లో ప్రభుత్వం రావు బహద్దూరు బిరుదమిచ్చింది. 1898లో మదరాసులో జరిగిన జాతీయ సంఘసంస్కరణ మహాసభకు అధ్యక్షత వహించారు. 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తమ ఆస్తినంతా దానికి వ్రాసి ఇచ్చారు. ఆయన పూనికతో జరిగిన వితంతు వివాహాలు సుమారు నలభై. నలభై అన్న సంఖ్య చిన్నదిగా కనిపించవచ్చు. ఒక్కొక్క వివాహం వెనుక ఎన్ని వెలివేతలు, ఎన్ని వ్యాజ్యాలు, ఎన్ని నిద్రలేని రాత్రులు ఉన్నాయో స్వీయచరిత్ర చదివినవారికి తెలుస్తుంది. 1910 ఆగస్టులో రాజ్యలక్ష్మమ్మగారు మరణించారు. అటుపైన ఆయన మనస్సు కోలుకొనలేదు. తిట్టినవారికి తొణకక ఎదురు నిలిచిన మనిషిని ఇంటిలోని మౌనం కృంగదీసింది. 1919 మే 27న మదరాసులో, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి వేదవిలాస్ గృహంలో వీరేశలింగంగారు తుదిశ్వాస విడిచారు. స్త్రీల బుద్ధిబలాన్ని చరిత్రతో నిరూపించిన అచ్చమాంబగారి తమ్ముని ఇల్లు అది.

ఆ తరువాత చట్టాలు ఒకటొకటిగా వచ్చాయి. 1929లో శారదా చట్టం బాల్యవివాహాలను నిషేధించింది. 1955 హిందూ వివాహ చట్టంతో మగవాడికీ ఒక్క భార్యే అన్న నియమం ఏర్పడింది. 1956లో ఆస్తి వారసత్వం వచ్చింది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానమైన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985నుంచి అమలుచేసింది. దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. కచేరీలలో, న్యాయస్థానాలలో, శాసనసభలలో స్త్రీలు కూర్చున్నారు. ఆడుమళయాళంలోని దృశ్యాలు చాలావరకు కళ్ళముందటికి వచ్చాయి. ఆకాశం విరిగి పడలేదు.

ఆలుమగల మీద హాస్యం మాత్రం తెలుగునాట తరగలేదు. పెళ్ళాం నోరు, అత్తగారి పెత్తనం, ఆడవారి అలంకరణ అన్నవి ఈనాటికీ వేదికల మీద అమ్ముడుపోయే సరుకు. ఈ హాస్యానికి ఒక అనుకూలం ఉంది: ఎవరి మీద నవ్వుతున్నామో వారు తిరిగి వెలివేయలేరు. వీరేశలింగంగారి హాస్యానికి ఆ అనుకూలం లేదు. ఆయన వెక్కిరించినది తన కులంవారిని, తన తోటి పండితులను, తనకు అన్నం పెట్టగల, నీళ్ళు ఆపగల వారిని. నవ్వినందుకు ఆయన ఇంటికి నీళ్ళు ఆగిపోయాయి. రాజ్యలక్ష్మమ్మగారు బిందె తీసికొని గోదావరికి నడిచారు. ఆడుమళయాళం చదివి నవ్వుకొనేవారు ఆ బిందెను కూడ గుర్తుంచుకొనవలసి ఉంది.